పోపు వాసన తెలియని వంట మాస్టారు

"మిరపకాయ ఘాటు తెలుస్తుంది డాక్టర్ గారూ, పోపు వాసన మాత్రం తెలియదు."

రాజమహేంద్రవరంలో నా క్లినిక్‌కు వచ్చిన రోజు ఆయన అన్న మొదటి మాట ఇది. ఇరవై ఏళ్ళకు పైగా చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్నాను. తన జబ్బు ఎక్కడుందో ఒక్క వాక్యంలో ఇంత కచ్చితంగా చెప్పినవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఘాటును పట్టేది ఒక నాడి, వాసనను పట్టేది మరొకటి. మిరపకాయ కోరు, ఉల్లిపాయ మంట, అమ్మోనియా దెబ్బ అన్నీ ముఖానికి స్పర్శనిచ్చే ఐదో కపాల నాడికి తెలుస్తాయి. కరివేపాకు నూనెలో పడ్డప్పుడు లేచే వాసనను పట్టేది మాత్రం మొదటి కపాల నాడి. దాని తంతువులు ముక్కు పైకప్పు దగ్గర ఇరుకు చీలికలో ఉంటాయి. అక్కడికి గాలి చేరకపోతే వంటిల్లంతా ఘుమఘుమలాడుతున్నా ఏమీ తెలియదు. ఘాటు మాత్రం ముక్కులో ఎక్కడ తగిలినా తెలిసిపోతుంది. అంటే ఆయన ముక్కు పూర్తిగా మొద్దుబారలేదు, పైన దారి మూసుకుపోయింది. పరీక్ష చేయకముందే నాకు సగం తెలిసింది.

ఆయన కోనసీమలో పెళ్ళిళ్ళకు వండే మాస్టారు. వయసు 46. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. కేసు రాస్తానంటే ఒప్పుకున్నారు గానీ, "వంట బాగుండదని మాత్రం రాయకండి" అని షరతు పెట్టారు. బాగుంటుంది.

ఏడేళ్ళ క్రితం ఒక జలుబు వచ్చి పోకుండా ఉండిపోయింది. మొదట తుమ్ములు, నీళ్ళు కారడం, తర్వాత రెండు వైపులా దిబ్బడ. రెండేళ్ళు తిరిగేసరికి ఆయాసం మొదలైంది. ఉబ్బసం అని ఇన్‌హేలర్ ఇచ్చారు. అదే ఏడాది ఒక ఆసుపత్రిలో ముక్కులో పెరిగిన కండలు తీశారు. ఏడాదిన్నరకే మళ్ళీ పెరిగాయి. నాలుగేళ్ళుగా వాసన లేదు. పడిశం పది రోగాల పెట్టు అంటారు కదా, ఈయన విషయంలో ఆ మాట వరస తప్పకుండా నిజమైంది.

బల్ల మీద సంచి గుమ్మరిస్తే పాత చీటీలు పడ్డాయి. నేను ఓపిగ్గా లెక్కపెట్టాను. నాలుగేళ్ళలో పదకొండు కోర్సుల యాంటీబయాటిక్స్: అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఆరు, అజిత్రోమైసిన్ మూడు, లెవోఫ్లాక్సాసిన్ రెండు. ఇవి కాక మందుల దుకాణంలో ఎవరూ రాయకుండానే కొన్న ఆక్సీమెటాజోలిన్ చుక్కల సీసా చొక్కా జేబులోనే ఉంది. రోజుకు ఐదారుసార్లు వేసుకుంటున్నారు. ఆ చుక్కలు రక్తనాళాలను బిగించి పది నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వారం దాటి వాడితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు మునుపటి కంటే ఎక్కువ మూసుకుంటుంది. దిబ్బడకు వేసుకున్న మందే దిబ్బడకు కారణమవుతుంది. ఇంట్లో రోజూ పసుపు ఆవిరి, మెంథాల్ బామ్. మెంథాల్ చల్లదనంతో ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప లోపలికి పోయే గాలి పెరగదు. వీటన్నిటికీ తోడు ఏడేళ్ళుగా పెరుగు మానేశారు. ఎవరు మానమన్నారో ఆయనకే గుర్తు లేదు.

వాసన లేకుండా వంట ఎలా నెట్టుకొస్తున్నారని అడిగాను. గాడిపొయ్యి దగ్గర బావమరిది పక్కనే నిలబడతాడట. పోపు మాడబోతుంటే భుజం మీద తడతాడు, ఇంగువ చాలకపోతే కళ్ళతో సైగ చేస్తాడు. పెళ్ళివారికి తెలియకుండా నాలుగేళ్ళు అలాగే గడిచింది. ఉప్పు, పులుపు నాలుకకు తెలుస్తాయి కాబట్టి సాంబారు తప్పేది కాదు. నెయ్యి పాతబడిందో లేదో మాత్రం చెప్పలేకపోయేవారు. ఒకసారి కల్యాణ మండపం వెనక గదిలో సిలిండర్ లీకవుతుంటే ఆ గదిలోనే కూర్చుని కూరగాయల లెక్క రాసుకుంటున్నారట. వంటగ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలనే దానికి ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆయనకు అది కూడా తెలియలేదు. పాత్రలు తోమే మనిషి లోపలికి వచ్చి కేకలు వేసి ఈడ్చుకుపోయింది. ఈ సంగతి విన్నాక చీటీలో నేను రాసిన మొదటి వస్తువు మందు కాదు, గ్యాస్ లీక్ అలారం. వాసన పోయిన ప్రతి రోగికీ ఇప్పుడు అదే చెబుతున్నాను.

మా దగ్గరకు వచ్చేవాళ్ళు చాలామంది "నాకు సైనస్ ఉందండీ" అంటారు. సైనస్ అందరికీ ఉంటుంది. ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు అవి. కొందరిలో వాటి లోపలి పొర వాస్తుంది, జబ్బు అదే. తల నొప్పెడితే చాలు "సైనస్ తలనొప్పి" అనుకోవడం మరో అలవాటు. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సైనస్ తలనొప్పి అనుకున్న 2,991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా తలనొప్పి. మా మాస్టారికి తలనొప్పే లేదు, ముఖంలో కాస్త బరువు తప్ప. దీర్ఘకాలిక సైనసైటిస్ చాలాసార్లు నొప్పి పెట్టదు. మూసుకుపోతుంది, కారుతుంది, వాసన తినేస్తుంది.

ఎండోస్కోప్ పెట్టి చూస్తే రెండు వైపులా తొక్క తీసిన ద్రాక్షపళ్ళలా, పాలిపోయి నిగనిగలాడే కండలు కనిపించాయి. ముక్కు పక్కగోడ మీద మడతలా ఉండే మధ్య శంఖాస్థిని దాటి కిందికి వేలాడుతున్నాయి. సీటీలో అన్ని సైనస్‌లూ తెల్లగా నిండిపోయి ఉన్నాయి. సీటీకి మేం వేసే లండ్-మెకే మార్కులు గరిష్ఠం 24 అయితే ఈయనకు 21. బాధ కొలిచే 22 ప్రశ్నల పత్రంలో 110కి 64. రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 1,120, అంటే చాలా ఎక్కువ. ఊపిరితిత్తుల పరీక్షలో మొదటి సెకనులో వదిలే గాలి ఉండాల్సిన దానిలో 68 శాతం, ఇన్‌హేలర్ ఇచ్చి మళ్ళీ ఊదిస్తే బాగా పెరిగింది. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.3, అంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

చీము కాదు, వాపు

పదకొండు కోర్సుల యాంటీబయాటిక్స్ ఎందుకు పనిచేయలేదో చెప్పాలంటే సైనస్ పనితీరు కొంచెం తెలియాలి. లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. అది ఆగకుండా ఊగుతూ పలుచని జిగురును సైనస్ ద్వారం వైపు నెడుతుంది. దవడ సైనస్‌కు ద్వారం అడుగున ఉండదు, కుండ మూతిలా పైన ఉంటుంది. నూగు ఆ జిగురును గోడ వెంట పైకెక్కించి మరీ బయటికి పంపుతుంది. అడుగున వేరే కన్నం పెట్టినా జిగురు దాన్ని పట్టించుకోకుండా సహజ ద్వారానికే వెళుతుందని ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ చూపించారు. పాత ఆపరేషన్లు అంతగా ఎందుకు విఫలమయ్యాయో అప్పుడు అర్థమైంది. సహజ ద్వారాన్నే తెరిచే ఆ పద్ధతికి 1985లో అమెరికాలో కెన్నెడీ పెట్టిన ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అన్న పేరునే మేం పొట్టిగా ఫెస్ అని పిలుస్తున్నాం.

రెండు రంధ్రాల నుంచీ కండలు దిగే ఈయన లాంటి జబ్బులో సూక్ష్మజీవులది పక్క పాత్ర. అసలు గొడవ పొరలో ఉంది. కడుపులో చేరే పురుగుల మీద పోరాడేందుకు శరీరం పెట్టుకున్న సైన్యంలో ఒక పటాలం ఏ శత్రువూ లేకుండానే ముక్కులో మకాం వేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే రసాయన కబుర్లు దాన్ని పిలుస్తాయి. వచ్చిన ఇయోసినోఫిల్ కణాలు పొరను కాల్చి, నీరు పట్టించి, ఉబ్బిస్తాయి. అలా ఉబ్బి జారిన పొరనే మనం కండ అంటాం. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపుతుంది గానీ శరీరం సొంత సైన్యం మీద పనిచేయదు. ఐరోపా వైద్యుల 2020 మార్గదర్శకాలు ఈ జబ్బును 12 వారాలు దాటిన వాపుగానే నిర్వచిస్తాయి. కనీసం రెండు లక్షణాలు ఉండాలి, వాటిలో ఒకటి దిబ్బడ గానీ కారడం గానీ కావాలి, రెండోది ఆ రెండింటిలో మిగిలినదో ముఖం బరువో వాసన తగ్గడమో కావచ్చు, ఎండోస్కోప్‌లోనో సీటీలోనో రుజువు దొరకాలి. మా మాస్టారికి అన్నీ ఉన్నాయి.

ఆ రోజు చుక్కలు మాన్పించాను. ఉప్పునీటితో ముక్కు కడుగుడు, మోమెటాసోన్ అనే స్టీరాయిడ్ స్ప్రే మొదలుపెట్టాను. ప్రెడ్నిసలోన్ అనే స్టీరాయిడ్ మాత్ర 30 మిల్లీగ్రాములు వారం రోజులు, మరో వారంలో తగ్గిస్తూ ఆపేలా రాశాను. షుగర్ గమనించుకోమన్నాను. ఆపరేషన్ తప్పకపోవచ్చని చెప్పాను. "మందులేమైనా పడవా?" అని అలవాటుగా అడిగాను. "లేదండీ" అన్నారు. చీటీలో 'ఏమీ లేవు' అని రాసుకున్నాను.

నా తప్పు అక్కడే జరిగింది.

నాలుగో రోజు పొద్దున్నే ఫోను. "కాఫీ వాసన వచ్చిందండీ" అంటున్నారు గానీ గొంతు వణుకుతోంది. ఆయన లోటా ముక్కు దగ్గర పెట్టుకుని ఇంటిల్లిపాదినీ లేపారట. నాకూ సంతోషమైంది. అయితే వైద్యుడిగా నాకు అందిన సమాచారం వేరు: వాసన నాడి బతికే ఉంది, వాపు తీస్తే పనిచేస్తుంది. మూడో వారానికి వాసన మళ్ళీ పోతుందని అప్పుడే హెచ్చరించాను. అలాగే పోయింది.

ఆయన నెలకు రావాల్సినవారు రెండు నెలలకు వచ్చారు. వైశాఖం, పెళ్ళిళ్ళ రద్దీ. వాసన పోగానే నా పాత చీటీ చూపించి ప్రెడ్నిసలోన్ రెండుసార్లు తిరిగి కొనుక్కుని వాడారు. షుగర్ 238. నేను నిజంగానే కోప్పడ్డాను. ఈ మాత్ర ఏడాదికి ఒకటి రెండుసార్లు, లెక్కగా, వైద్యుడి కళ్ళ ముందు వాడాల్సింది. ఊరికే వాడుతుంటే ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లం వస్తుంది, తుంటి ఎముక తల చచ్చిపోవచ్చు. షుగర్ అదుపు తప్పిన ఒంట్లో స్టీరాయిడ్ ఏం చేయగలదో 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో మనమందరం చూశాం. హైదరాబాదు కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ జబ్బుకే ప్రత్యేక కేంద్రం చేయాల్సి వచ్చింది. "నాది బ్లాక్ ఫంగసా అండీ?" అని మాస్టారు బెదిరిపోయారు. కాదని, అది రోజుల్లో ముదిరే వేరే జబ్బని చెప్పి కుదుటపరిచాను.

ఈసారి ఆయన భార్య కూడా వచ్చారు. అంతదాకా మౌనంగా కూర్చున్న ఆమె లేవబోతూ అన్నారు: "మోకాళ్ళకు మాత్ర వేసుకున్న రోజే ఆయాసం వస్తుందండీ. ఈయన పొగ అంటారు. పొగ రోజూ ఉంటుంది, ఆయాసం రోజూ రాదు కదా."

నేను మళ్ళీ కూర్చోబెట్టాను.

మోకాళ్ళ మాత్ర

మూడు సంఘటనలు బయటికొచ్చాయి. మొదటిది ఎనిమిది వందల మంది పెళ్ళి. తెల్లవారుజామున మూడింటికి మోకాళ్ళు పట్టేస్తే సాయం చేసే కుర్రవాడు ఒక మాత్ర ఇచ్చాడు. అది డైక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది. ముప్పావు గంటలో ముఖం ఎర్రబడింది, ముక్కు కుళాయిలా కారింది, ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టి, కట్టెల పొగ వల్ల అన్నారు. రెండోది పన్ను నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకున్న రోజు. దాన్ని మిరపకాయలు వేయించిన కోరు మీదకు తోశారు. మూడోది మళ్ళీ డైక్లోఫెనాక్. ఆ రోజు మజ్జిగ తాగారు కాబట్టి నింద మజ్జిగ మీద పడింది. పెరుగు ఎందుకు మానేశారో ఆయనకు గుర్తు లేదు గానీ, ఎందుకు మళ్ళీ ముట్టలేదో నాకు అర్థమైంది.

నేను మందు పడదా అని అడిగితే లేదన్నారు, అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో మందంటే డాక్టరు రాసేది. మోకాళ్ళ మాత్ర మందు కాదు, జర్దా డబ్బా పక్కన ఉండే వస్తువు. నేను అడిగిన తీరే తప్పు. అప్పటి నుంచి ప్రశ్న మార్చుకున్నాను: "ఒంటినొప్పులకు, పంటినొప్పికి, జ్వరానికి దుకాణంలో ఏ మాత్ర కొంటారు? అది వేసుకున్నాక గంటా రెండు గంటల్లో ముక్కూ ఊపిరీ ఎలా ఉంటాయి?" ముక్కులో కండలు, ఉబ్బసం కలిసి ఉన్న ప్రతి ఒక్కరినీ ఇలా అడుగుతున్నాను. ఆ ఏడాదే మరో ఇద్దరు బయటపడ్డారు.

కండలు, ఉబ్బసం, ఆస్పిరిన్ పడకపోవడం. ఈ మూడూ కలిసి వస్తాయని ఫ్రాన్సులో విడాల్ 1922లోనే రాశారు. 1968లో శామ్టర్, బీర్స్ వివరంగా రాశాక శామ్టర్ త్రయం అన్న పేరు స్థిరపడింది. సాధారణంగా నడివయసులో మొదలవుతుంది, తగ్గని జలుబుతో. తర్వాత కండలు, ఉబ్బసం, మాత్రల పేచీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఇది మామూలు అలర్జీ కాదు, చర్మం మీద గుచ్చి చేసే పరీక్షలో దొరకదు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి మాత్రలు కాక్స్-1 అనే ఎంజైమును ఆపుతాయి. దాంతో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారీ తగ్గుతుంది. వాపు కణాలకు అదే కళ్ళెం. కళ్ళెం తెగగానే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు వరదలా వెలువడి శ్వాసనాళాలను బిగిస్తాయి. వేర్వేరు మాత్రలతో ఒకే రకమైన దెబ్బ అన్నిసార్లు తగిలాక మాత్ర ఇచ్చి పరీక్షించాల్సిన పని లేదు. చరిత్రే నిర్ధారణ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మాస్టారి భార్య కూడా ఇలాగే అనుకున్నారు. ఆ మాత్రలు మానేస్తే కండలు కరిగిపోవు. జబ్బును పుట్టించింది మాత్ర కాదు. అది ఏ జాతి జబ్బో మనకు చూపించింది, అంతే. మానేయమనేది ప్రాణం కోసం. జబ్బు తన దారిన తాను నడుస్తుంది.

ఎర్ర అక్షరాలతో తెలుగులో ఒక చీటీ రాసి, ప్లాస్టిక్ తొడిగించి, పర్సులో పెట్టుకోమన్నాను. ఆ మాత్రల పేర్లన్నీ రాశాను. నొప్పికి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల దాకా సాధారణంగా ఫర్వాలేదు, మోకాళ్ళకు ఎటోరికాక్సిబ్ తరహా మాత్ర అవసరమైతే మొదటి మోతాదు ఆసుపత్రిలో వేసుకోవాలి అని కూడా. జలుబు, జ్వరం జంట మాత్రల్లో ఏముందో చదవకుండా వేసుకోవద్దు. గుండెనొప్పితో అంబులెన్స్ ఎక్కినవారికి ముందుగా నమలమని ఇచ్చేది ఆస్పిరినే కాబట్టి, ఆ చీటీ భార్య దగ్గర, బావమరిది దగ్గర కూడా ఒక్కొక్కటి ఉంది. పెరుగు తినమన్నాను. ఆయన నమ్మకం లేనట్టు చూశారు.

ఆషాఢంలో ఆపరేషన్

ముహూర్తాలు లేని నెల కావాలన్నారు. అప్పటిదాకా ఛాతీ వైద్యుడి దగ్గర ఉబ్బసాన్ని ఇన్‌హేలర్లతో అదుపులోకి తెచ్చాం, ల్యూకోట్రయీన్లను అడ్డుకునే మాంటెలుకాస్ట్ చేర్చాం. ఊపిరి సరిగ్గా లేని మనిషిని మత్తు బల్ల ఎక్కించడం ఇష్టం లేదు.

మత్తు వైద్యురాలికి ఫోను చేసి చెప్పాను, కేసు షీటు మీద ఎర్ర స్టిక్కరు అంటించాను. అయినా ఆపరేషన్ తర్వాతి మందుల అచ్చు పత్రంలో డైక్లోఫెనాక్ ఇంజక్షన్ అలవాటుగా వచ్చి కూర్చుంది. నొప్పికి అందరికీ అదే ఇస్తాం కాబట్టి పత్రంలో ముందే ముద్రించి ఉంటుంది. రాత్రి డ్యూటీ సిస్టర్ స్టిక్కరు చూసి ఆగి, నాకు ఫోను చేసింది. ఆ పత్రం మార్చేశాం. ఇప్పుడు నొప్పి మందు గడి ఖాళీగా ఉంటుంది, పేషెంటును బట్టి రాయాలి.

ఆపరేషన్ రెండున్నర గంటలు. కండలు మాత్రమే కోసి వదిలేస్తే గడ్డి పైన కోసినట్టే. మొదటి ఆపరేషన్‌లో జరిగింది అదేనని సీటీ చెబుతోంది, లోపలి అరల గోడలన్నీ చెక్కుచెదరలేదు. ఈసారి రెండు వైపులా అన్ని సైనస్‌లూ తెరిచాం. ఒక పక్క కంటిని కాపాడే కాగితంలాంటి ఎముక, పైన మెదడు కింది పలుచని నేల. ఆ రెండింటి మధ్య పని. లోపల దొరికిన జిగురు సక్షన్ గొట్టంలోకి కూడా రానంత చిక్కగా ఉంది. మర్నాడు వీడియో చూపిస్తే మాస్టారు "ముదురు పాకం" అన్నారు, నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు. మన ప్రాంతంలో అలర్జీ ఫంగల్ సైనసైటిస్ కూడా తరచుగా కనిపిస్తుంది. అందులోనూ జిగురు ఇలాగే ఉంటుంది, కాబట్టి ఆ జిగురును ఫంగస్ పరీక్షకు పంపాం. ఫంగస్ తంతువులు లేవు. కండ ముక్కలో ఇయోసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి.

ఆపరేషన్‌తో జబ్బు పోదని రోగికి ముందే చెప్పకపోతే ఆయన మనల్ని క్షమించడు. మూసిన గదుల తలుపులు తెరిచాం, ఇక లోపలికి మందు వెళుతుంది. అంతే చేశాం. అసలు వైద్యం ఉప్పునీటి సీసాతో ఇంట్లో జరుగుతుంది.

దానికి మాస్టారితో చిన్న యుద్ధమే చేయాల్సి వచ్చింది. కొలత చెంచా ఇస్తే పక్కన పెట్టి, ముప్పై ఏళ్ళ చేతి వాటంతో ఉప్పు వేశారు. ముక్కు మండిపోయిందని మర్నాడు ఫోను. లీటరుకు 9 గ్రాములు ఉండాలి, 240 మిల్లీలీటర్ల సీసాకు రెండు గ్రాముల పైచిలుకు. ఆయనకు గ్రాములు ఎక్కలేదు. "కన్నీళ్ళంత ఉప్పన ఉండాలి, పప్పుచారంత కాదు" అన్నాను. అది ఎక్కింది. చిటికెడు వంటసోడా. నీళ్ళు మాత్రం మరిగించి చల్లార్చినవే, కుళాయివి గానీ బోరువి గానీ కాదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు ఎక్కే అమీబాతో చనిపోయారు. మన జలనేతికీ ఇదే నియమం. తల ముందుకు వంచి, నోరు తెరిచి, "ఆ" అంటూ ఒక రంధ్రంలోంచి వదిలితే రెండోదాంట్లోంచి రావాలి. ఆ నీళ్ళలో బుడెసోనైడ్ అనే స్టీరాయిడ్ నెబ్యులైజర్ ద్రవం ఒక మిల్లీగ్రాము కలపమన్నాను. ఇది ఆ మందు పెట్టె మీద రాసి ఉండని వాడకం, ముక్కు వైద్యులకు మాత్రం బాగా అలవాటైనది. మాత్రలో మింగే స్టీరాయిడ్ ఒళ్ళంతా తిరుగుతుంది, ఇది ఎక్కువగా వాపు ఉన్నచోటే పనిచేస్తుంది.

వాసనకు సాధన కూడా చెప్పాను. పుస్తకాల్లో గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ ఉంటాయి. ఆయన తన సీసాలు తానే సర్దుకున్నారు: ఇంగువ, లవంగం, కరివేపాకు పొడి, కాఫీ గింజలు. రోజుకు రెండుసార్లు, ఒక్కోటి ఇరవై సెకన్లు, అది ఏమిటో మనసులో తలుచుకుంటూ పీల్చాలి. ఆరో వారంలో లవంగం వచ్చింది, తర్వాత కాఫీ. ఇంగువ ఆఖరున వచ్చింది.

ఆరు నెలలకు 22 ప్రశ్నల మార్కు 64 నుంచి 19కి దిగింది. ఉబ్బసం ఇన్‌హేలర్ మోతాదు తగ్గింది. ఆపరేషన్ తర్వాత ఒక్క యాంటీబయాటిక్ కోర్సు మాత్రమే వాడాం, అదీ నిజంగా పచ్చని చీము కనిపించి, పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక.

పద్నాలుగో నెలలో దెబ్బ తగిలింది. శ్రావణం ముహూర్తాల్లో ఐదు వారాలు కడగడం మానేశారు. ఎడమ వైపు నుదుటి సైనస్ ద్వారం దగ్గర చిన్న కండ, వాసన సగానికి పడింది. ఒక చిన్న స్టీరాయిడ్ కోర్సు ఇచ్చి, కడుగుడు మళ్ళీ మొదలుపెట్టించాను. అప్పుడే తర్వాతి మెట్ల గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆస్పిరిన్‌ను అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయి, తర్వాత రోజూ వాడించే పద్ధతి ఒకటుంది. కొందరికి కండలు తిరిగి రావడం ఆలస్యమవుతుంది. అది ఐసీయూ, అనుభవమున్న బృందం ఉన్నచోటే చేయాలి, కడుపులో పుండు ఉన్నవారికి కుదరదు. మాస్టారికి పాత అల్సర్ ఉంది. రెండోది డూపిలుమాబ్ ఇంజక్షన్, రెండు వారాలకోసారి. ఇంటర్‌ల్యూకిన్ 4, 13 కబుర్లను దారిలోనే ఆపుతుంది. కండల జబ్బుకు 2019 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ త్రయం ఉన్నవారిలో, ముఖ్యంగా వాసన విషయంలో, మంచి ఫలితాలున్నాయి. ఆపరేషన్ అయ్యాక కూడా కండలు తిరిగొచ్చి, ఉబ్బసం ఉండి, వాసన లేక, ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నవారికే దాన్ని ఆలోచిస్తాం. కాగితం మీద ఈయనకు అర్హత దగ్గరకొచ్చింది. ధర చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఉప్పూ నీళ్ళూ చౌక కదండీ, మానను" అన్నారు. ఇప్పటికి అదే సరైన నిర్ణయమని నేనూ అనుకుంటున్నాను. కడుగుడు సాగుతుండగానే కండ పెరిగితే మళ్ళీ మాట్లాడుకోవాలి.

రెండేళ్ళ పరీక్షలో మార్కు 27. ఎడమ వైపు చిన్న ఉబ్బు అలాగే ఉంది, పెరగలేదు. హెచ్‌బీఏ1సీ 6.1. బావమరిది ఇప్పుడు పొయ్యి దగ్గర కాకుండా వడ్డన చూసుకుంటున్నాడట. పెరుగు తింటున్నారా అని అడిగితే, "తింటున్నానండీ, రాత్రి పూట మాత్రం కాదు" అన్నారు. ఆషాఢంలో మళ్ళీ స్కోప్‌కు రమ్మన్నాను.